గల్లాలో చెయ్యి ఎవరిది?

మా మామూ చికెన్ సెంటర్ మూతపడి తొమ్మిదేళ్లయింది. మా ఊరి బస్టాండ్ వెనక సందులో ఉండేది. ఇప్పుడా మడిగెలో సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుస్తోంది. మామూ రోజూ ఫజర్ నమాజు చదివి నేరుగా వెళ్లి షట్టర్ ఎత్తేవారు. ఆదివారం పొద్దున ఆ సందులో స్కూటర్ పెట్టడానికి జాగా దొరికేది కాదు. తూకంలో మోసం లేదు, నోట్లో అబద్ధం లేదు, సిగరెట్ కూడా ముట్టని మనిషి. పదహారేళ్లు నడిచిన ఆ దుకాణం మూసేనాటికి ఆయన నెత్తిన నాలుగు లక్షల పైచిలుకు ఖర్జ్ ఉంది.

ఎందుకట్లా అయిందంటే ఖాందాన్‌లో తలా ఒక జవాబు. నజర్ తగిలిందని మా అమ్మీ. ఎదురుగా ఇంకొకడు దుకాణం తెరిచాడు కదా అని చాచా. హోటల్ వాళ్లు బాకీ ఎగ్గొట్టారని ముమానీ. మామూ మాత్రం ఒకటే మాట: "తఖ్దీర్ బేటా."

నేను బీకాం చదివి ఒక ఆఫీసులో లెక్కలు రాసే నౌకరీలో ఉండేవాణ్ణి అప్పుడు. ఖర్జ్ ఎవరికెంతో తేల్చాలని మామూ నన్ను పిలిపించారు. కాగితాలు తెమ్మంటే ఒక క్యారీ బ్యాగు ముందు పెట్టారు. క్యాలెండర్ షీట్ల వెనక రాసిన అంకెలు, అట్ట ముక్కలు, హోటల్ బాకీల చిన్న నోట్‌బుక్కు, డీలర్ ఇచ్చిన పచ్చ రసీదులు. ఇషా తర్వాత కూర్చుని రెండు రాత్రులు వాటితో కుస్తీ పట్టాం. ఎవరో మోసం చేసి ఉంటారని నేను అనుకున్నా. ఎవరూ చేయలేదు. హోటల్ వాళ్లు కూడా ఆలస్యంగానైనా చాలావరకు కట్టేశారు. దుకాణాన్ని తిన్నది లెక్క.

ఆ లెక్క మీకూ చూపిస్తాను. అర్థం కావడానికి తేలిగ్గా ఉండాలని అంకెలు గుండ్రం చేశాను, రేట్లు అప్పటివి అనుకోకండి.

లైవ్ కోడి కిలో 110 రూపాయలు. స్కిన్‌లెస్ కిలో 200. మామూ మనసులో పదహారేళ్లుగా ఉన్న హిసాబ్ ఏమిటంటే, నూటపదికి కొన్నా, రెండొందలకు అమ్మా, కిలోకు తొంభై మునాఫా. కానీ ఈకలు, తోలు, తల, కాళ్లు, పేగులు తీసేస్తే వంద కిలోల కోళ్లకు చేతికొచ్చే మాంసం 65 కిలోల చుట్టుపక్కలే. అంటే కిలో మాంసం ఆయనకు పడింది 110కి కాదు, 169కి. మిగిలేది 31 రూపాయలు. దారిలో చచ్చిన కోళ్లు, ఎండాకాలంలో గంపల్లోనే సొమ్మసిల్లే కోళ్లు ఇందులో కలపలేదు.

ఇక హోటల్ సప్లై. రోజూ పాతిక కిలోలు, కిలో 175 లెక్కన. పర్మనెంట్ గిరాకీ దొరికిందని ఆ రోజు ఇంట్లో సేమియా కూడా చేశారట. మరి కిలోకు మిగిలిందెంత? ఆరు రూపాయలు కూడా లేదు. పాతిక కిలోలకు 144 రూపాయలు. అదీ ఉధార్ మీద. ఏ రోజు సరుకు డబ్బయినా మూడు వారాల తర్వాతే ఇచ్చేవారు కాబట్టి ఎప్పుడు చూసినా తొంభై వేలకు పైగా ఆయన పైసలు హోటల్ వాళ్ల దగ్గరే ఉండేవి. డీలర్ మాత్రం మూడు వారాలు ఆగేవాడు కాదు.

మిగతా నలభై కిలోలు దుకాణంలో నగదుకు అమ్మితే 1,231. రెండూ కలిపి రోజుకు 1,375. ఇందులో పని పోరడికి 500, కిరాయి రోజుకు 300 పడుతుంది, కరెంటు, నీళ్లు, కవర్లకు 150. అన్నీ పోను మామూకు మిగిలింది 425 రూపాయలు.

ఈ అంకె చూసి మామూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు, "అంటే ఆ పోరడు నాకన్నా ఎక్కువ సంపాదించాడా?"

అవును మామూ, అని నేనెట్లా అనగలను.

అసలు కథ ఇంకా ఉంది. గల్లాలోంచి ఇంటికి రోజూ సగటున ఎనిమిది వందలు వెళ్లేవి. ముమానీ కబురు పెడితే కూరగాయలకు, పిల్లల ఫీజుకు, ఎవరిదో నికాహ్ ఉంటే కానుకకు, చుట్టాలొస్తే దావత్‌కు. ఎవరు అడిగినా మామూ గల్లా తెరిచి, నోట్లు లెక్కపెట్టకుండా తీసిచ్చేవారు. లెక్కపెడితే బరకత్ పోతుందని మా దాదీ అనేది, బహుశా అక్కణ్ణుంచి వచ్చిన ఆదత్. మిగులుతున్నది 425, తీస్తున్నది 800. రోజుకు 375 నుక్సాన్. నెలకు 11,250. తొమ్మిది నెలల్లో లక్ష దాటుతుంది. కానీ గల్లాలో ఎప్పుడూ నోట్లు కనిపిస్తూనే ఉండేవి. అవి డీలర్‌కు రేపు కట్టాల్సిన నోట్లు. గల్లా నిండుగా ఉంటే దుకాణం బాగున్నట్టే అనుకుంటాం మనం. అందులో మనదెంత, పరాయిదెంత అని గల్లా చెప్పదు.

ఆ లోటు పూడ్చడానికి డైలీ ఫైనాన్స్ వచ్చింది. బ్యాంకు మెట్లెక్కితే సూద్ అని మామూ ఏనాడూ ఎక్కలేదు. ఆయన ఎహతియాత్‌ను నేను తప్పు పట్టను. కానీ పదివేలు అని రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకు వంద వసూలు చేసే మనిషిని ఆయన సూద్‌ఖోర్ అనుకోలేదు. "వెయ్యి రూపాయలు కమీషన్ పట్టుకున్నాడు, అంతే కదా" అనేవారు. వెయ్యి చిన్న అంకె లాగే కనిపిస్తుంది. కానీ రోజురోజుకూ అసలు తగ్గిపోతూ ఉంటే, నిజంగా ఆయన వాడుకున్నది సగటున నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు మూడు నెలల్లో వెయ్యి. ఏడాదికి వేసి చూస్తే నూటికి డెబ్బై ఐదు దాటుతుంది. హరామ్ అని బ్యాంకుకు దూరం పారిపోయి, దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద సూద్‌ను కమీషన్ అనే పేరుతో ఇంట్లోకి తెచ్చుకున్నాం. పేరు మారిస్తే హుక్మ్ మారదని ఏ ఆలిమ్‌ను అడిగినా చెబుతారు.

మన బస్తీల్లో మూతపడిన దుకాణాలు నేను చాలా చూశాను. కుట్టుమిషన్ల షెడ్లు, బిర్యానీ పాయింట్లు, పరుపుల దుకాణాలు, వెల్డింగ్ షాపులు. మెహనత్ తక్కువైన చోటు ఒక్కటీ నాకు గుర్తు లేదు. నడిపే మనిషికి హిసాబ్ తెలియకపోవడం మాత్రం దాదాపు ప్రతిచోటా కనిపించింది. కుట్టుమిషన్ ఎట్లా తిరగాలో తెలిసిన మనిషికి, ఒక బ్లౌజు మీద దారం, కరెంటు, కిరాయి పోను ఎంత మిగులుతుందో తెలియదు. చేతిలో హునర్ ఉంది కాబట్టి దుకాణం నడుస్తుందని అనుకుంటాం. హునర్ వేరు, దుకాణం నడపడం వేరు.

ఈ మాట అంటే నా దోస్తులు కొందరు కోపం చేస్తారు. "వివక్ష గురించి మాట్లాడకుండా పేదవాడి మీదే ఇల్జామ్ వేస్తున్నావు" అంటారు. 2006లో సచార్ కమిటీ రిపోర్టు ఏం చెప్పిందో నాకూ గుర్తుంది. సొంత పనుల మీద బతికేవాళ్లు ముస్లింలలో ఎక్కువ, బ్యాంకుల నుంచి అందే అప్పులో వాళ్ల వాటా తక్కువ అని ఆ రిపోర్టే చెప్పింది. మడిగె కిరాయికి అడిగితే పేరు విని ఖాళీ లేదన్న మాటలు మనం అందరం విన్నాం. అదంతా నిజం, దాని మీద కొట్లాడాలి. కానీ ఒక్క సవాల్: రేపు బ్యాంకు మేనేజరే ఇంటికొచ్చి లక్ష రూపాయలు ఇచ్చిపోతే మామూ దుకాణం నిలబడేదా? రోజుకు 375 కారుతున్న కుండలో లక్ష పోస్తే తొమ్మిది నెలలకు మళ్లీ ఖాళీ.

ఇది నా ఒక్కడి ఖయాల్ కాదు. మన హైదరాబాద్ బస్తీల్లోనే ఒక పెద్ద పరిశోధన జరిగింది. తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సాథీలతో కలిసి చేశారు. 104 బస్తీలు తీసుకుని, సగం చోట్ల చిన్న అప్పుల సంస్థ ముందుగా వచ్చేట్టు, సగం చోట్ల తర్వాత వచ్చేట్టు చేసి పోల్చి చూశారు. అప్పు దొరికినచోట కొందరు కొత్త పని మొదలుపెట్టారు, సామాను కొనుక్కున్నారు. కానీ మామూలు చిన్న దుకాణదారుడి మునాఫాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అప్పటికే బాగా నడుస్తున్న కొద్ది దుకాణాలకే ఎక్కువ ఫాయిదా.

సరే, అయితే అందరినీ కూర్చోబెట్టి అకౌంటెన్సీ నేర్పుదామా? దీని మీద కూడా ఒక తజుర్బా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. డొమినికన్ రిపబ్లిక్ అని అమెరికా ఖండంలో సముద్రం మధ్య ఒక చిన్న దేశం. దాని రాజధాని శాంటో డొమింగోలో చిన్న చిన్న వ్యాపారాలు చేసేవాళ్లను, ఎక్కువమంది ఆడవాళ్లే, పరిశోధకులు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు పుస్తకాల్లో ఉండే అకౌంటింగ్ నేర్పారు. ఇంకొక గుంపుకు సాదాసీదా నియమాలు కొన్ని మాత్రం చెప్పారు. అందులో ముఖ్యమైనది, ఇంటి పైసలు ఒక డ్రాయర్‌లో, దుకాణం పైసలు ఇంకొక డ్రాయర్‌లో పెట్టండి. ఇందులోంచి అందులోకి తీస్తే చీటీ రాసి పెట్టండి, అప్పు తీసుకున్నట్టుగా. 2014లో ఆ పరిశోధన అచ్చయింది. అకౌంటింగ్ నేర్చుకున్న గుంపులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రెండు డ్రాయర్ల గుంపులో లెక్కలు రాసే ఆదత్ మెరుగైంది, గిరాకీ పడిపోయిన వారాల్లో కూడా వాళ్ల అమ్మకాలు మునుపటంత దిగజారలేదు.

చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేను మూడేళ్లు బీకాం చదివి మామూకు డెబిట్, క్రెడిట్ గురించి చెప్పబోయి ఆయనను ఎన్నోసార్లు విసిగించాను. రెండు డబ్బాలు పెట్టండి మామూ అని ఒక్కసారి కూడా అనలేదు.

రాసుకోవడం దగ్గరే మనవాళ్లకు మొహమాటం అడ్డు వస్తుంది. "అరె, భాయి భాయి మధ్య కాగితం ఏంటి?" అంటాం. రాయమంటే నమ్మకం లేనట్టు అనుకుంటాం. ఖురాన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏదో గుర్తు చేసుకోండి. నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. సూరె బఖరాలోని 282వ ఆయత్, గడువు పెట్టుకుని ఇచ్చే అప్పును రాసుకోవడం గురించి. రాసేవాడు ఎట్లా ఉండాలి, ఎవరు చెప్పి రాయించాలి, గవాహీలు ఎవరు, చిన్న అప్పయినా పెద్ద అప్పయినా రాయడానికి విసుక్కోవద్దు అని అంత వివరంగా ఉంది. అక్కడికక్కడ చేతులు మారే నగదు బేరానికి మాత్రం సడలింపు. రంజాన్‌లో తరావీహ్‌లో ప్రతి సాలూ వింటాం. బయటికొచ్చి హోటల్‌కు పాతిక కిలోలు నోటి మాట మీద పంపిస్తాం.

ఇంకో చిన్న విషయం. తెలుగులో జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, వాయిదా, కిస్తు, హామీ, జామీను, ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి వచ్చిన లఫ్జులే. ఊళ్లో కోమటి శెట్టిగారి దుకాణంలో చిట్టా పుస్తకం తెరిస్తే సగం మాటలు మనవే వినిపిస్తాయి. పుస్తకం మాత్రం ఆయన దగ్గరే ఉంది.

రాయకపోవడం వల్ల దుకాణం ఒక్కటే పోతే కొంత నయం. ఇళ్లు కూడా విరుగుతున్నాయి. అబ్బా దుకాణంలో పెద్ద కొడుకు పదో తరగతి మానేసి ఇరవై ఏళ్లు కూర్చుంటాడు. తమ్ముళ్లు చదువుకుని ఒకరు గల్ఫ్‌కు, ఒకరు హైదరాబాద్‌కు వెళ్తారు. అబ్బా ఇంతిఖాల్ అయ్యాక మీరాస్ పంచుతారు. పెద్దోడు అంటాడు, దుకాణం పెంచింది నేను. తమ్ముళ్లు అంటారు, దుకాణం అబ్బాది, అందరికీ హక్కుంది. చెల్లెళ్ల వాటా సంగతి ఎవరూ ఎత్తరు. అసలు పెద్దోడు ఆ దుకాణంలో షరీక్‌గా ఉన్నాడా, ములాజిమ్‌గా ఉన్నాడా, ఊరికే అబ్బాకు సాయం చేసే కొడుకుగా ఉన్నాడా? ముఫ్తీ సాబ్ ముందు కూర్చుంటే ఆయన అడిగే మొదటి సవాల్ ఇదే. జవాబు ఎవరి దగ్గరా ఉండదు, ఎందుకంటే ఎవరూ రాయలేదు. మా గల్లీలోనే ఇట్లా రెండిళ్ల మధ్య ఈద్‌కు గలే మిలనా కూడా ఆగిపోయింది. ఇరవై ఏళ్లలో ఏదో ఒక రోజు అబ్బా పెద్దోడికి నెలకింత తన్‌ఖా అని నోట్‌బుక్కులో ఒక్క లైను రాసి ఉంటే చాలు.

తన్‌ఖా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, దుకాణం నడిపే మనిషి తనకు తాను జీతం రాసుకోవాలి. మామూ ఆ పోరడికి 500 ఇచ్చారు, తన కష్టానికి వెల కట్టలేదు. ఇంకో దుకాణంలో కోడి కోసే పనికి వెళ్తే రోజుకు ఆరేడు వందలు వచ్చేవి. అంటే ఆ దుకాణం ఆయన్ను పోషించడం లేదు, ఆయనే దాన్ని పోషించారు. ఈ సంగతి మొదటి ఏడాదిలోనే తెలిసి ఉంటే హోటల్ సప్లై మానేసేవారు. పోయేది రోజుకు 144 రూపాయలు. తిరిగొచ్చేది తొంభై వేల పెట్టుబడి. అప్పుడు డైలీ ఫైనాన్స్ గడప తొక్కేదే కాదు.

పెద్ద పెద్ద లెక్కలు అక్కర్లేదు. ఏడాదికి ఒకసారి మన మీద ఎట్లాగూ ఫర్జ్ అయి ఉన్న లెక్క ఒకటుంది, జకాత్. తిజారత్ చేసేవాడు జకాత్ సరిగ్గా తీయాలంటే ఏం చేయాలి? ఆ రోజు చేతిలో ఉన్న నగదు, అమ్మడానికి ఉంచిన సరుకు ఆనాటి బజారు ధరకు, వచ్చే నమ్మకం ఉన్న బాకీలు, ఇవన్నీ కలపాలి. కట్టాల్సిన అప్పులు తీసేయాలి. తరాజు, ఫ్రిజ్, కటింగ్ మిషన్ లాంటివి లెక్కలోకి రావు. మిగిలింది నిసాబ్ దాటితే, అంటే మన వైపు ఉలేమా చెప్పే 612 గ్రాముల వెండి ధర దాటితే, ఏడాది గడిచాక నలభయ్యో వంతు. మసాయిల్‌లో తేడాలుంటాయి, మీ ఇమామ్ సాబ్‌ను అడగండి. నేను చెప్పేది వేరే. ఈ లెక్కనే కాలేజీలో మాకు బ్యాలెన్స్ షీట్ అని నేర్పారు. చాంద్ నెలల ప్రకారం ఏడాదికోసారి ఇట్లా కూర్చుని రాసే దుకాణదారుడు, పోయిన రంజాన్ కాగితం పక్కన ఈ రంజాన్ కాగితం పెట్టి చూసుకుంటే దుకాణం పెరుగుతోందా, కరుగుతోందా తెలిసిపోతుంది. మామూ ప్రతి రంజాన్‌లో అందాజ్‌గా ఐదు వేలు తీసిచ్చేవారు. చివరి మూడేళ్లు ఆయన మీద బహుశా జకాత్ ఫర్జే కాదు. ఆయనే ముస్తహిఖ్ అయి ఉండొచ్చు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

కొత్త తరానికి ఇంకో ముసీబత్. గల్లాకు బదులు ఫోన్ వచ్చింది. 2025 జూలైలో కర్ణాటకలో బేకరీలు, టీ కొట్లు, చిన్న దుకాణాల వాళ్లకు యూపీఐ లెక్కల ఆధారంగా పన్నుల శాఖ నోటీసులు పంపింది గుర్తుందా? కూరగాయలమ్మేవాళ్లకూ వెళ్లాయి, వాటి మీద జీఎస్టీ లేకపోయినా. కొందరు భయపడి క్యూఆర్ కోడ్‌లే పీకేశారు. మన దగ్గర కూడా హద్దులు ఉన్నాయి. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోవాలి. ఒకే నంబరుకు గిరాకీ పైసలు, దుబాయ్ నుంచి తమ్ముడు పంపినవి, చిట్టీ పాట పైసలు అన్నీ వచ్చి పడుతుంటే, రేపు ఎవరైనా అడిగినప్పుడు ఇది అమ్మకం, ఇది అమానత్ అని ఎట్లా విడదీస్తారు? దుకాణానికి వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకోవడానికి ఒక పూట పని. శాంటో డొమింగో ఆడవాళ్ల రెండు డ్రాయర్లు ఇవే.

నోట్‌బుక్కు ఎవరు రాయాలి? నా మటుకు నేను ఇంట్లో ఆడపిల్లకు ఇవ్వమంటాను. మన ఇళ్లల్లో డిగ్రీ చదివి, రిష్తా కోసం ఎదురుచూస్తూ కూర్చున్న బిడ్డలు ఎంతమంది లేరు? రాత్రి ఇషా తర్వాత పదిహేను నిమిషాలు అబ్బా పక్కన కూర్చుని, ఇవాళ ఎంత కొన్నాం, ఎంత అమ్మాం, ఎవరి దగ్గర ఉంది, ఇంటికెంత తీశాం అని నాలుగు గళ్లు నింపితే చాలు. మగపిల్లలు రాస్తే తమ ఖర్చు రాయరు, ఇది నా అనుభవం. అబ్బాలు మొదట్లో ఒప్పుకోరు. కూతురి ముందు నుక్సాన్ బయటపడటం వాళ్లకు నామోషీ. ముమానీకి ఆ 425 అంకె దుకాణం నడుస్తున్నప్పుడే తెలిసి ఉంటే, రోజుకు ఎనిమిది వందలకు కబురు పెట్టేదా? ఆమెను ఖర్చుమనిషి అని ఖాందాన్ అంతా అన్నది. ఆమెకు ఎవరూ లెక్క చెప్పలేదు.

మామూ ఖర్జ్ తీరడానికి ఆరేళ్లు పట్టింది. ముమానీ నగలు పోయాయి, మా అమ్మీ వాటా కొంత. ఇప్పుడు ఆయన ఇంటి వరండాలోనే కోడిగుడ్లు హోల్‌సేల్‌గా తెచ్చి చుట్టుపక్కల దుకాణాలకు వేస్తున్నారు. ఉధార్ లేదు. పగిలిన గుడ్లు కూడా లెక్కే. అల్మారా మీద రెండు బిస్కెట్ డబ్బాలుంటాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు నోట్‌బుక్కు రాస్తుంది.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆటోకు చిల్లర లేక "మామూ, ఓ వంద ఇవ్వండి" అన్నా. ఆయన చెయ్యి అలవాటుగా ఎర్ర డబ్బా మీదికి వెళ్లింది. "నానా, అది దుకాణానిది" అని లోపల్నుంచి పిల్ల అరిచింది. మామూ నవ్వి నీలం డబ్బా తెరిచారు. ఆ పిల్ల బయటికొచ్చి నా పేరు, తారీఖు, వంద రూపాయలు రాసి, ఎప్పుడిస్తారని నన్నే అడిగింది.